ఉతికిన ఇసుక

లాండ్రీ కొట్టు అద్దాల కిటికీలో, ఇన్నాళ్ళూ కోటు తొడుక్కున్న బొమ్మ నిలబడిన చోట, బావ ఒక గాజు తొట్టెను తెచ్చి నిలిపాడు. మూతపడిన ఏదో హోటలువాళ్ళ తొట్టె అది. నాలుగు పక్కలా తుడిచి, వెనక్కి జరిగి, మరదలి వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపాడు.

ఆమె ఉలిక్కిపడింది. బావ దృష్టిలో ఆ వేలికి అర్థం "ఎలా ఉంది, అదిరిందా?" అని. ఆమె వదిలి వచ్చిన పనిలో దానికి ఒకటే అర్థం: "పైకి వెళ్ళిపోదాం."

"ఎర్ర చేపలు వేద్దామా, పసుపు చేపలా? నీ ఇష్టం మరదలా."

"చేపలు వద్దు బావా. ఉప్పునీళ్ళు పోసి గడ్డి వేద్దాం."

"గడ్డా! ఇంత అద్దాల మేడ తెస్తే గడ్డి పెంచుతావా? మేయడానికి ఎవర్ని తేవాలి, మీ అక్కనా?"

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి అక్క చూసిన చూపుకి, పెట్టె తగలకుండానే చొక్కా చదునై ఉండాలి.

ఆమె, అంటే ఆ అక్క చెల్లెలు, మొన్నమొన్నటి దాకా సముద్రం అడుగున గడ్డిని లెక్కపెట్టే ఉద్యోగం చేసింది. ఒడ్డుకు కాస్త దూరంలో, పడవ నీడ ఇంకా అడుగును తాకే లోతులో, ఒక పచ్చిక బయలు ఉంది. నాచు కాదు, నిజమైన గడ్డి. వేళ్ళున్నది, పూసేది, బురదను పట్టుకుని బతికేది. ఇనుప చట్రాన్ని దానిమీద పరిచి, లోపల ఎన్ని మొలకలున్నాయో పలక మీద రాయడం ఆమె పని. జోడీ లేకుండా ఎవరూ దిగకూడదన్నది అక్కడి కట్టడి. ఆమె జోడీని అందరూ తాబేలు అనేవారు. నేలమీద అతని నడక అలా ఉండేది, నీళ్ళలో అతని ఈత కూడా అలాగే ఉండేది. నీళ్ళ కింద చేతులే మాటలు. కనుక అక్కడ మీరూ లేదు, నువ్వూ లేదు. పడవెక్కి ముసుగు తీయగానే ఎక్కడి నుంచో "మీరు" వచ్చి ఇద్దరి మధ్యా చేరి కూర్చునేది.

ఒకనాడు ఆమె జలుబుతోనే దిగింది. చెవిలో సూది గుచ్చినట్టయింది. తాబేలు బొటనవేలూ చూపుడువేలూ సున్నాగా కలిపి, బాగున్నావా అని అడిగాడు. అరచేతిని అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే చాలు, ఏదో తేడాగా ఉందని అర్థం. ఇద్దరూ పైకి వచ్చేసేవారు. ఆమె మాత్రం సున్నాయే చుట్టింది. ఆవేళ ఎండ అడుగు దాకా దిగింది. గడ్డి అంతా ఒక్కసారిగా ఒరుగుతోంది, ఒక్కసారిగా లేస్తోంది. ఇంకాసేపు ఉండాలనిపించింది, అంతే.

ఆ ఇంకాసేపుకు కుడిచెవి పోయింది. జన్మలో మళ్ళీ నీళ్ళ కిందికి దిగరాదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇప్పుడామె అక్క కొట్టులో చొక్కాలు మడతపెడుతోంది. తాబేలు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆమె ఎత్తడం లేదు. ఎత్తితే అతని గొంతు వెనకాల పడవ ఇంజను వినిపిస్తుంది. విన్నాక చొక్కాలు మడతపెట్టడం తన వల్ల అయ్యే పని కాదు.

బయలు దగ్గరికి తను ఇక పోలేదు. బయలులో ఒక చేరెడైనా తన దగ్గరికి రాకూడదా? గాలివానకు వేళ్ళతో సహా లేచి కొట్టుకొచ్చిన గడ్డి ఉంటే కాస్త ఇప్పించమని పాత ఆఫీసుకు కబురు పెట్టింది. ఈలోగా తొట్టెకు దీపం బిగించింది, నీటిని కదిలించే చిన్న పంపు అమర్చింది, వడకట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి గాజు గొట్టంతో కొలిచింది. బావ వేలు ముంచి నాలుకకు రాసుకుని, "సరిపోయింది, పొయ్యి మీంచి దించెయ్యొచ్చు," అన్నాడు.

ఆమె చెవి పరీక్షకు వెళ్ళిన పూటే గడ్డి వచ్చింది. తెచ్చింది తాబేలే. ఒక పెట్టె, ఒక బకెట్టు కొట్టులో పెట్టి, కాసేపు నిలబడి చూసి, వెళ్ళిపోయాడట. ఆమె తిరిగి వచ్చేసరికి అక్క చీర చెంగు నడుముకు దోపుకుని, గుమ్మంలోనే ఎదురొచ్చింది. పట్టుబట్ట మీద మొండి మరక పోగొట్టినప్పటి వెలుగు ఆమె ముఖంలో ఉంది.

"ఏం కంపే తల్లీ అది! బకెట్టు మూత తీశానో లేదో, కుళ్ళిన కోడిగుడ్లు కొట్టు నిండా పగిలినట్టయింది. బట్టలివ్వడానికి వచ్చినావిడ మూట తీసుకుని అటునుంచటే పారిపోయింది. నువ్వొచ్చి అవస్థ పడతావని నేనే శుభ్రం చేసి పెట్టా. రా, చూద్దువుగాని."

వెనక గదిలో, తడి తువ్వాలు మీద, గడ్డి మొలకలు వరసగా పడుకుని ఉన్నాయి. వేళ్ళను మెత్తని బ్రష్షుతో దువ్వి తెల్లగా తోమేసింది అక్క. పక్కన బేసినులో ఇసుక, పంచదారలా మెరుస్తోంది. నల్లబురద అంతా, నీటి మీద నీరు మార్చి కడిగిన కడుగుకి, తూములో కలిసిపోయింది. గడ్డితో పాటు వచ్చిన, రాళ్ళకు అంటుకున్న నాచులు మాత్రం, ద్రాక్షగుత్తుల్లాంటి పచ్చవీ, ఈకల్లాంటి ఎర్రవీ, పెట్టెలోని సంచిలో ఉన్నవి ఉన్నట్టే బతికిపోయాయి.

"ఒక్క మరకుందేమో చూడు!" అంది అక్క.

ఆ నలుపే దాని తిండి అక్కా, ఆ కంపే దాని ప్రాణం అక్కా, అనే మాట చెల్లెలి గొంతు దాకా వచ్చింది. నీళ్ళకు నానిన అక్క వేళ్ళు చూశాక, ఆ మాట వెనక్కి పోయింది.

"బాగా చేశావక్కా."

తెల్లని ఇసుకలో తెల్లని వేళ్ళను పాతింది. తేలిపోకుండా చిన్న రాళ్ళు పెట్టింది. వేళ్ళతో పనిలేని నాచు, నీటిలోంచే తనకు కావలసింది తాగి, కొమ్మలేసి కళకళలాడింది. గడ్డి మాత్రం కొసల నుంచి మాడుతూ వచ్చింది. పొద్దున లేవగానే ఆమె చూపు అటే. దారిన పోయేవాళ్ళు ఆగి నాచును మెచ్చుకుంటుంటే, ఎవరి పెళ్ళి ఊరేగింపునో తన కిటికీలోంచి చూస్తున్నట్టుండేది.

అక్క పసిగట్టింది.

"నిజం చెప్పవే. నేను కడగబట్టేనా?"

చెల్లెలు మడతపెడుతున్న చొక్కాను మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"మీ అక్క చేతికి సముద్రం చిక్కితే దాన్నీ ఉతికి ఆరేస్తుంది," అని బావ నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. అతనే గొంతు తగ్గించి, "ఆ బురద ఇంకోసారి తెమ్మనరాదూ? అడిగితే సొమ్మేం పోతుంది?" అన్నాడు.

అడగాలంటే ఫోను చేయాలి. ఫోను చేయాలంటే ఆ ఇంజను వినాలి. ఆమె గడ్డివైపు చూసింది. అది ఇంకో పూట ఓర్చుకునేలా లేదు. ఎడమచెవికి ఫోను ఆనించింది.

"చెప్పండి," అన్నాడు తాబేలు, ఇన్నాళ్ళూ మోగీ మోగీ ఆగిపోయిన ఫోన్ల ఊసెత్తకుండా.

"బురద కావాలి."

"నేనిచ్చిన దానికేమైంది?"

"మా అక్క ఉతికింది."

అవతల పెద్ద నవ్వు. నీళ్ళ కింద అతని నవ్వును బుడగలుగా చూసిందే గాని, దానికింత చప్పుడుంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ చప్పుడులో ఇంజను వినిపించలేదు.

బకెట్టుతో తాబేలు మరునాడే వచ్చాడు. అక్క ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొట్టు తలుపు తానే మూసి, "ఎంత కంపైనా కానివ్వండి, నేను కిక్కురుమంటే ఒట్టు," అని గోడవారగా నిలబడింది. చెల్లెలూ, అతనూ చెరోవైపు నుంచి తొట్టెలో చేతులు పెట్టారు. తెల్లని ఇసుకను తోడి, అడుగున నల్లబురద పరిచి, దాన్ని మళ్ళీ ఇసుకతో కప్పి, మొలకల్ని తిరిగి నాటారు. ఎంత మెల్లగా చేసినా నీళ్ళు మసకబారాయి. ఏ చెయ్యి ఎవరిదో కనిపించలేదు. వెతుకుతున్న రాయి ఆమె అరచేతిలోకి తనంతట తానే వచ్చి చేరింది. అడగకముందే అందించడం అతనికి అలవాటు.

చేతులు తుడుచుకుంటూ తాబేలు అన్నాడు: "ఉన్న ఆకులన్నీ పోతాయి. పీకి చూడకండి."

"తెలుసు."

"మన బయలు ఈసారి..."

"ఆ మాట వద్దండీ," అందామె. అతను తలూపి, ఖాళీ బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట ఏమై ఉంటుందో అన్న ఊహను ఆమె ఎన్ని చొక్కాల మడతల్లో దాచుకుందో చెప్పలేం. వద్దన్నది తానే, కావాలనుకున్నదీ తానే.

అతను చెప్పినట్టే ఆకులన్నీ పోయాయి. ఇసుక మీద ఏమీ మిగలలేదు. బావ జోకులు మానేశాడు. గాజు అంచున తెల్లగా పేరుకునే ఉప్పును రోజూ తుడిచే పని అక్క తన మీద వేసుకుంది. ఇసుక వైపు మాత్రం చెయ్యి పోనిచ్చేది కాదు. ఏడుస్తున్న పిల్లను చూసీ ఎత్తుకోకూడదన్నట్టు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

ఒక పొద్దుట అలా తుడుస్తూ తుడుస్తూ ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏమే, ఇలా రా. ఇక్కడేదో పచ్చగా... నేను ముట్టుకోలేదు సుమా, ఒట్టు!"

నాటిన చోట కాదు. అక్కడికి జానెడు దూరాన, గాజు పక్కగా, ఇసుకను చీల్చుకుని ఒక ఆకు నిలబడి ఉంది. ఎవరూ చూడనప్పుడు వేరు చీకట్లో పాక్కుంటూ, తనకు నచ్చిన చోటుకు తానే వెళ్ళి తలెత్తింది. పంపు నీళ్ళకు అది ఒరిగింది, లేచింది. చెల్లెలు కూలబడినట్టు దాని ఎదుట కూర్చుంది. అక్క ఆమె తల నిమిరి, యంత్రాల దగ్గరికి పోయింది.

తాబేలుకు ఆమె పంపిన సందేశంలో ఉన్నవి రెండే మాటలు: ఒక మొలక.

మధ్యాహ్నం అతను వచ్చి లోపలికి రాకుండా, బయట కాలిబాట మీద, కిటికీకి అవతల ఆగాడు. కొట్టులో యంత్రాలన్నీ ఒక్కసారే గిర్రున తిరుగుతున్నాయి. రెండు చెవులూ ఉన్నవాళ్ళకే ఏమీ వినిపించని హోరు. తొట్టె ఇవతల ఆమె, అవతల అతను. నీళ్ళలోంచి అతని ముఖం పచ్చగా, కాస్త ఊగుతూ, ఎప్పుడూ కనిపించినట్టే కనిపించింది.

అతను వంగి మొలకను చాలాసేపు చూశాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి, సున్నా చుట్టి, కనుబొమలెత్తాడు.

ఆమె చెయ్యి సున్నా చుట్టడానికి అలవాటుగా లేచింది. సగంలో ఆగింది. అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవి చూపించింది.

అతను కదలకుండా చూశాడు. అప్పుడు, నీళ్ళ కింద ఏ జోడీ అయినా చేయవలసినట్టే, మెల్లగా బొటనవేలు పైకెత్తాడు: వెళ్ళిపోదామా?

ఆమె అరచేతిని గాజుకు ఆనించి పట్టుకుంది. ఉండు. ఇంకాసేపు.

అతను ఉన్నాడు.