రోజుకి నాలుగు బొండాలు

గంగాధరరావు గారికి తెలియనిది ఈ భూమ్మీద లేదు. అది ఆయన అభిప్రాయం. మామిడికుదురు దగ్గర ఏడెకరాల కొబ్బరితోట ఉంటే వైద్యం, చదువు, రాజకీయం అన్నీ కాయలతోపాటే కాస్తాయి కాబోలు. నేను ఇరవయ్యేళ్ళుగా ఆ ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. అయినా ఆయన లెక్కలో నేను పేటలోని బాబూరావు కూతురు ప్రసన్నకుమారినే. మా తాత వాళ్ళ తోటలో చెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

ఆయన మనవరాలు యామిని నా దగ్గర పదో తరగతి చదువుతోంది. వేసవి సెలవుల్లో జానెడు పొడుగైంది. ఆగస్టుకల్లా చిక్కి సగమైంది. వాళ్ళమ్మ భవానీదేవిని బడికి పిలిపించి అడిగాను.

"ఎదిగే వయసు కదండీ. ఒకటే దాహమండి. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తందండి. వేడి చేసిందని మావయ్యగారు రోజుకి నాలుగు బొండాలు కొట్టి తాగిస్తన్నారండి," అంది.

నాకు ఒళ్ళు మండింది. దాహం, మాటిమాటికీ ఒంటికి వెళ్ళడం, తిన్నా చిక్కిపోవడం. ఈ మూడూ నేను ఏటా బోర్డు మీద రాసేవే. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

పెద్దాయన తోటలో ఉన్నాడు. ఒక చెట్టు కాండంలోంచి బంక కారుతోందని పొద్దున్నే ఫోన్ చేసి వ్యవసాయాధికారిని రప్పించుకున్నాడు. ఎర్రముక్కు పురుగట. వేరు ఏటవాలుగా కోసి, మందు సంచీలో ముంచి కడుతున్నారు. ఆ చెట్టు వంక ఆయన ఐసీయూ బయట నిలబడ్డ చుట్టంలా చూస్తున్నాడు.

"యామినికి రక్తంలో షుగర్ చూపించండి. రేపే చూపించండి. అంతవరకూ ఆ బొండాలు ఆపండి, వాటిలోనూ చక్కెర ఉంటుంది," అన్నాను.

ఆయన నవ్వేడు. "షుగరాండీ! అరవయ్యెనిమిదేళ్ళొచ్చినా నాకే లేదండి, పద్నాలుగేళ్ళ పిల్లకి ఎక్కడ్నించొస్తాదండి? కొబ్బరినీళ్ళు తల్లిపాలతో సమానమండి. మీ పుస్తకాలు రాసినోళ్ళు కోనసీమ చూళ్ళేదు."

విసుగు మింగి చెప్పాను. క్లోమం ఇన్సులిన్ చేయడం మానేస్తే చక్కెర రక్తంలోనే ఉండిపోతుందని, కణంలోకి పోదని, చుట్టూ తిండి పెట్టుకుని కణం ఆకలితో మాడుతుందని.

"ఆయ్, అలాగేనండి. ఆ కణానికీ ఓ బొండాం కొడతాను," అన్నాడు. అధికారి కూడా నవ్వేడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే. దారిపొడుగునా ఆయన్ని మనసులో ఉతికి ఆరేశాను. చెప్పాల్సింది చెప్పాను, ఇక ఆయన ఖర్మ అనుకున్నాను. ఆయన ఖర్మ అంటే ఆ పిల్ల ప్రాణం అని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడం నిజం. మళ్ళీ ఆ గుమ్మం తొక్కడమా? ఛీ!

ఎనిమిదో రోజు క్లాసులో యామిని బెంచీ మీద తల వాల్చేసింది. వాంతి చేసుకుంది. ఊపిరి బరువుగా తీస్తోంది, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తోంది. ఆటోలో పడేసి అమలాపురం తీసుకెళ్ళాను. షుగర్ ఐదువందల నలభై. ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. రాత్రంతా సెలైన్, ఇన్సులిన్. పొద్దున్నకి కళ్ళు తెరిచింది.

పెద్దాయన అప్పుడొచ్చేడు. చేతిలో సంచీ. సంచీలో ఏముందనుకున్నారు? రెండు బొండాలు!

ఎనిమిది రోజులుగా దాచుకున్న మాటలన్నీ బయటికొచ్చాయి. "చెట్టుకి పురుగు పడితే పూటలో ఆఫీసరుని దింపుకున్నారు. మనవరాలికైతే బొండాం కొట్టారు. ఆ చెట్టుకున్నపాటి విలువ లేదాండీ ఈ పిల్లకి? ఇప్పుడు నవ్వండి!"

వార్డంతా విన్నది. కావాలనే వినేలా అన్నాను. ఆయన తల దించుకుని సంచీ మంచం కిందకి నెట్టేడు. నాకు హాయిగా ఉంది. మూడు తరాల హాయి అది, అబద్ధమెందుకు?

అప్పుడే డాక్టరు వచ్చి పిల్ల నాలుక చూసేడు. "ఒంట్లో నీరు ఇంతలా ఎండిపోయిందేంటమ్మా? నీళ్ళు తాగట్లేదా?"

"ఇంటికాడ తాగుతానండి. బళ్ళో మానేసేనండి."

"అంత దాహం పెట్టుకుని మానేసేవా? ఎందుకు?"

యామిని నా వైపు చూసి, దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"తాగితే మాటిమాటికీ బయటికెళ్ళాలండి. ఓసారి లెగిస్తే టీచర్ గారు, మీ తాతగారి తోటకి నీళ్ళు పెట్టడానికెళ్తున్నావా అన్నారండి. అందరూ నవ్వేరండి. అప్పట్నించి మానేసేనండి."

అన్నాను. వాళ్ళింటి నుంచి వచ్చిన మర్నాడే అన్నాను. రోగం పేరు తెలిసే అన్నాను. ఆయన మీద ఉమ్మలేని ఉమ్ము ఆ పిల్ల మీద పడింది. పిల్లలు నవ్వితే నేనూ నవ్వాను.

డాక్టరు ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరకి వెళ్ళిపోయేడు. గంగాధరరావు గారు తలెత్తి నన్ను చూశారు. తిడతారనుకున్నాను. తిడితే ఎంత బాగుండేదో.

"నాకంటే తెలీదండి, టీచర్ గారూ," అన్నారు. "మీకు తెల్సు కదండీ?"

వెటకారం లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు.