అప్రెంటీసు పుస్తకం

పప్పు మెత్తబడేలోగా సాక్షి విచారణ ముగించాలి. అలివేలమ్మకు అది రోజూ ఉన్న పనే. పొయ్యి పక్కన పీట మీద నోటుపుస్తకం, కొప్పులో పెన్సిలు, వంటింటి గడప అవతల పడక్కుర్చీలో మొగుడు గంగాధరం. అతను కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని, "రాసుకో" అంటే ఆమె రాసుకోవాలి.

"జులై తొమ్మిది పేజీ మిగిలిపోయినాది. రాజంపేట గట్టు దావా. సాక్షి అయ్యన్న."

"మామ ఏమడిగినారు?"

"మామూలుదే. నువ్వే పెట్టు. ఏడాదిగా రాస్తాండావు, ఇంకా అడిగేదేముండాది?"

నిజమే, ఏడాదిగా ఆమే పెడుతోంది. అతను పేరూ ఊరూ చెబితే ప్రశ్న ఆమెది, జవాబు ఆమెది, సాక్షి తడబాటు కూడా ఆమెదే. గట్టు పక్క చేను అయ్యన్నది అన్నాడు కాబట్టి అతన్ని పొడుగాటి మీసాల మనిషిని చేసింది. మూడో ప్రశ్నకే గుటకలు మింగించి నిజం కక్కించింది. అంతలో పప్పు పొంగితే లేచి గరిటె పెట్టి వచ్చింది.

ఇద్దరూ మద్రాసులో బి.ఎల్. చదివినవాళ్ళే. ఆమె ఒక్కసారికే ఫస్టుక్లాసు. అతనికి ఎన్నిసార్లు పట్టిందో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కానీ బి.ఎల్. ఒక్కటే చాలదు కదా. ఆ పైన ఏడాదిపాటు ఒక సీనియరు దగ్గర అప్రెంటీసుగా ఉండి, రోజూ కోర్టులో కూర్చుని, జరిగింది చూసి పుస్తకంలో రాసుకోవాలి. వచ్చినట్టు సీనియరు సంతకం పెట్టాలి. అప్పుడు మద్రాసు వెళ్ళి కోర్టు పద్ధతుల మీద ఇంకో పరీక్ష రాస్తేనే సన్నదు అనే వకీలు పట్టా, నల్లకోటు.

సీనియరు కోసం వెతకనక్కరలేదు, మామ రామకోటయ్య కడపలో పేరున్న వకీలు. పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ, "నా ఇంట్లో కొడుకూ కోడలూ ఇద్దరూ ప్లీడర్లే" అని చెప్పుకుని మురిసినవాడు. కోయిలకుంట్లలో కొట్టు నడుపుకునే అలివేలమ్మ నాయన ఆ మాటకే కరిగిపోయాడు. తన బిడ్డ నల్లకోటు వేసుకుని వాదిస్తుంటే వెనక బల్ల మీద కూర్చుని చూడాలని ఆయన కోరిక.

అప్రెంటీసు మొదలయ్యే రోజు ఆమె తెల్లచీర కట్టుకుని, పుస్తకం చేతపట్టుకుని జట్కా దగ్గరికి వచ్చింది. అత్త కన్యకమ్మ వాకిట్లోనే ఆపేసింది. "ఇద్దరూ పోతే పొయ్యి ఎవరు ముట్టిస్తారమ్మా? ఆఫీసు గది ఈడనే ఉండాది. తలుపు చాటున కూచుని విను, వద్దన్నామా?" మామ జట్కాలోంచి, "మీ అత్త చెప్పిందీ నిజమేలేమ్మా, నీ సంతకానికి నాది పూచీ" అన్నాడు. శానా ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమకు ఎదురు చెప్పడం రాక ఆమె లోపలికి వచ్చి చీర మార్చుకుంది.

ఆ ఏడాదంతా తలుపు చాటునే. దావాల కోసం మామ దగ్గరికొచ్చిన పార్టీలకు కాఫీలు అందించింది. మామ గీకిన చిత్తుప్రతులకు మంచిప్రతులు రాసింది, వాటిలో తప్పిన సెక్షన్లు చప్పుడు చేయకుండా దిద్దింది. మొగుడు చెప్పిందాన్ని అతని పుస్తకంలో రాసి, అదే నాలుగు మాటలు మార్చి తన పుస్తకంలో ఎక్కించింది. తను వెళ్ళకపోయినా ఆయన చూసి వస్తున్నాడు కదా, ఆయన కళ్ళతో చూస్తున్నాననుకుంది. పిచ్చిది!

ఆ సాయంత్రం పప్పులో తాలింపు వేస్తుంటే గుర్తొచ్చింది. జులై తొమ్మిది. ఆ రోజే పక్కవీధిలో ముసలి వకీలుగారు పోయారు. ఆయన మీద గౌరవంతో పదకొండింటికే కోర్టు మూసేశారు. అత్తతో కలిసి తను వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన భార్య జీవమ్మ చెయ్యి పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. మామ కూడా అక్కడే, వాకిట్లో అరుగు మీద.

"ఆ రోజు కోర్టు యాడ జరిగింది?" అని అడిగింది.

గంగాధరం కళ్ళు తెరవలేదు. "ఖాళీ పేజీ ఉందని నాయన ఫైల్లోంచి ఒక దావా చెప్పినాలే. ఎవరు చూస్తారు? సంతకం పెట్టేటప్పుడు నాయన పేజీ తిప్పడు."

"మరి తక్కిన రోజులు?"

అతను నవ్వాడు. టౌను క్లబ్బులో క్యారంబోర్డు ఉంది, ఫ్యానుంది, కోర్టు హాల్లో ఏముంది ఉక్క తప్ప, నాయన వాదనలో పడితే వెనక బల్లల వంక చూడడు అన్నాడు. దొంగతనం బయటపడ్డ మనిషి నవ్వులా కూడా లేదది. ఆకలేస్తోంది వడ్డించు అన్నాడు.

ఆమె వడ్డించింది. ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. ఏడాదిపాటు ఎవరూ చూడని కోర్టును తను ఇద్దరి పేర్లతో రాసింది. జరిగినదానికి దగ్గరగా ఉంటాయనుకున్న ఎదురు ప్రశ్నలన్నీ ఉత్తి కల్పనే. వెళ్ళగలిగినవాడు వెళ్ళలేదు, వెళ్ళాలని కొట్టుకున్నది పొయ్యి దగ్గర ఉండిపోయింది. ఆ రాత్రి ఆమె తిన్నదీ లేదు, తినలేదని అడిగినవాళ్ళూ లేరు.

ఆదివారం పొద్దున రామకోటయ్య ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద రెండు పుస్తకాలు, రెండు సర్టిఫికెట్లు. ముందు కొడుకుది తీసి, పేజీ తిప్పకుండానే సంతకం పెట్టాడు. తర్వాత కోడలిది దగ్గరికి లాక్కున్నాడు.

"పరీక్ష నీకు ఒక లెక్కా అమ్మా? సన్నదు రానీ, పటం కట్టించి ఈ గోడకే తగిలిద్దాం. వచ్చినోళ్ళంతా చూస్తారు. కోర్టుకు పొయ్యే బాధ నీకెందుకు?"

ఆ గోడ మీద అహోబిలం నరసింహస్వామి పటం ఉంది, దాని పక్కన ఖాళీ మేకు ఉంది. అలివేలమ్మ ఆ మేకు వంక చూసింది. ఇప్పుడు ఈ సంతకం తీసుకుంటే వచ్చే నెల పరీక్ష, ఆ పైన సన్నదు, ఆ పైన ఈ మేకు. తీసుకోకపోతే ఒక ఏడాది పోతుంది. వచ్చే ఏటికి వీళ్ళ మనసు ఎలా ఉంటుందో, తన ఒళ్ళు ఎలా ఉంటుందో.

"సంతకం పెట్టొద్దు మామా."

కలం ఆగింది. "ఎందుకమ్మా?"

రామకోటయ్య కోర్టులో ఏ సాక్షినైనా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. తలుపు చాటు నుంచి, సాక్షులను తయారు చేసేటప్పుడు, ఆమె దాన్ని వంద సార్లు విన్నది. ఇప్పుడు అదే ప్రశ్న, అదే నిదానంతో అడిగింది.

"నేను కోర్టుకు వచ్చింది మీరు కండ్లారా చూసినారా మామా?"

"అది కాదమ్మా, ఇంటి పరిస్థితి..."

"చూసినారా, లేదా? ఒక్క మాట చెప్పండి."

అదీ ఆయన మాటే. ముప్పై ఏళ్ళుగా అడగడమే గానీ ఆయన్ను ఎవరూ అడిగింది లేదు. కన్యకమ్మ కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన కలం కింద పెట్టి, "లేదు" అన్నాడు.

"మరి చూడనిదానికి మీరు సంతకం పెట్టి, చూడనిది నేను రాసి, రేపు ఇంకొకర్ని బోనులో ఏ నోటితో నిలదీయాల? నా ఏడాది రేపట్నుంచి లెక్కేసుకోండి. జట్కాలో నేనూ వస్తా."

"మరి వీని పుస్తకం?" అన్నాడు రామకోటయ్య, గొంతు తగ్గించి.

గంగాధరం ఆమెను కళ్ళతోనే బతిమాలాడు. ఆమెకు జాలేసింది, నిజంగానే వేసింది.

"అది ఆయన్నే అడగండి. నేను చూడలేదు."

ఆయన కొడుకు పుస్తకం తెరిచాడు. మొదటిసారి పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. కన్యకమ్మ మెల్లగా, "రేపు వంట ఎట్లా?" అంది. అలివేలమ్మ బల్ల మీది తన పుస్తకం తీసుకుని బయటికి నడిచింది.

సోమవారం జట్కాలో ఆమె మామ పక్కన కూర్చుంది. దిగేటప్పుడు ఆయన ఫైళ్ళ కట్ట ఆమె చేతికిచ్చాడు. హాల్లో అందరూ తలలు తిప్పి చూశారు. ఆమెకు చెమట పట్టింది, ఉక్క నిజమే. అప్పుడు బంట్రోతు బయటికెళ్ళి పిలిచాడు. రాజంపేట గట్టు దావా, సాక్షి అయ్యన్న.

జులై పేజీలోనే ఆమె చేతిలో నిజం ఒప్పుకున్న అయ్యన్న ఆ ఫిబ్రవరిలో తొలిసారి బోనెక్కాడు. మీసాలు లేవు. పొట్టిమనిషి, పళ్ళూడిన ముసలాయన. రామకోటయ్య గంటసేపు అడిగినా తొణకలేదు. చేతిలో కండువా నలుపుకుంటూ ప్రతిదానికీ తిన్నగా జవాబు చెప్పాడు. అలివేలమ్మకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కొప్పులోంచి పెన్సిలు తీసి కొత్త పుస్తకంలో మొదటి వాక్యం రాసుకుంది.

"సాక్షి అయ్యన్న అబద్ధం చెప్పలేదు. నేను చూశాను."