పాత చేతులు

ఆపరేషన్ జరిగిన చాలా ఏళ్లకు, ఒక ఆదివారం ఉదయం నా పాత చేతులు మా ఇంటికి వస్తాయి. మణికట్టు దాకానే ఉన్నాయి. గుమ్మంలో ఆగి తలుపు తడతాయి.

తలుపు తీసిన మా ఆయన సన్యాసిరావు వాటిని వెంటనే గుర్తుపడతాడు. పెళ్లిలో పట్టుకున్నవి అవే. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వబోయి, కాళ్లు లేవని చూసి చెంబు కింద పెడతాడు.

నా తలలో శనగగింజంత గ్రంథి మీద గడ్డ లేచిన రోజుల్లో ఆ చేతులు వెళ్లిపోయాయి. ఆ గడ్డ ఎదుగుదల హార్మోనును ఆపకుండా వదిలింది. చేతులు, పాదాలు, దవడ పెరిగాయి, గొంతు బొంగురుపోయింది. ఉంగరాన్ని కోసి తీశారు. చెప్పులు మగవాళ్లవి కొనుక్కున్నాను. ముక్కులోంచి గడ్డ తీశాక పెరగడం ఆగింది. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాలేదు. పొద్దున్నే మాత్ర, ఏడాదికోసారి రక్తపరీక్ష. బతికాను.

పాత చేతులు వంటింట్లోకి వెళ్లి బెండకాయలు తరుగుతాయి. గోరింట ఇంకా ఎర్రగానే ఉంది. సూది గుచ్చిన మచ్చ ఒక్కటీ లేదు. ఒళ్లో ఉన్న నా పెద్ద చేతులు వాటిని చూసి ముడుచుకుంటాయి.

వీటిని పెట్టేసుకోమంటారా అని ఆయన్ని అడుగుతాను.

ఆయన తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తీస్తాడు. "ఇవి నాకు తెలిసినవే. ఇవే ఇప్పటి నన్నెరగవు. ఆస్పత్రి వరండాలో నన్ను పట్టుకున్నవి ఇవి కావు కదా."

అయినా నా మనసు వాటి వైపే లాగుతుంది. పెద్ద చేతుల్ని విప్పి బల్ల మీద పెడతాను. సులువుగానే ఊడతాయి.

అప్పుడే సాహితి నిద్ర లేచి వస్తుంది. ఆపరేషన్ తరవాత పుట్టిన మా అమ్మాయి. బల్ల మీది పెద్ద అరచేతిలో మొహం పెట్టి చూస్తుంది. తరవాత చిన్న అరచేతిలో పెడుతుంది.

"అమ్మా, దీన్లో నా మొహం సగమే పడతాది. మిగతా సగం ఎక్కడెట్టుకోను?"

పెద్ద చేతుల్ని మళ్లీ తొడుక్కుంటాను. కీళ్లు ఎప్పటిలాగే నొప్పి పెడతాయి. పాత చేతులు నొచ్చుకోవు. నా బొటనవేలిని ఒకసారి నిమిరి గుమ్మం దిగుతాయి.

బీచ్ రోడ్డులో బస్సు దాకా దిగబెడతాను. బస్సు నిండా ఎవరెవరివో సన్నటి పాదాలు, చిన్న దవడలు కూర్చుని ఉన్నాయి. కిటికీ పక్కన, బొంగురుపోకముందటి నా గొంతు పాడుకుంటోంది. చేతులు దాని పక్కన చేరి, లేని తొడ మీద తాళం వేస్తాయి.

బస్సు రోడ్డు దిగి సముద్రం మీదికి ఎక్కుతుంది. జాలర్లు వలలు పక్కకు లాగి దారిస్తారు. పాట దూరమయ్యేకొద్దీ చేపలు నీళ్లలోంచి లేచి వచ్చి, వింటూ నా పక్కన నిలబడతాయి. వాటికి చోటిచ్చి కాస్త జరుగుతాను.