తొడిగి నడిచిన చెప్పులు వాపసు తీసుకోం

మా చెప్పుల కొట్లో గల్లాపెట్టె పైన ఒక బోర్డు ఉంటుంది: 'తొడిగి నడిచిన చెప్పులు వాపసు తీసుకోం.' రాయించింది నేనే. బూట్లు కరుస్తున్నాయని ఎవరైనా ఏడుపు మొహంతో వస్తే, ముందు వాటిని తిరగేసి అడుగు చూస్తాను. కాస్త దుమ్ము కనబడిందా, ఇక నా పాఠం మొదలు. "తోలు కదండీ! కొత్తలో కరుస్తుంది. కొన్నాళ్లు ఓపిక పట్టండి, అదే సాగుతుంది." ఈ ముక్క పక్క కొట్టువాళ్లకు కూడా కంఠతా వచ్చు.

అలాంటి నాకు యాభై దాటాక ఒంట్లో నిప్పు రాజుకుంది. నెలసరి గతి తప్పింది. వేళాపాళా లేకుండా వేడి ఆవిర్లు. రాత్రి కంటి మీద కునుకు లేదు, పగలు వచ్చిపోయేవాళ్ల మీద కయ్యిమనడం. ఒక పెద్దాయన ఎడమ కాలికి కుడి బూటు తొడగబోయి, పట్టనందుకు ఆయన్నే కసిరాను. మా ఆయన నాకు కుంపటి అని పేరు పెట్టాడు. నాకు కావలసిందల్లా నిద్ర.

డాక్టరమ్మ చేతికి రాసుకోవడానికి హార్మోన్ జెల్ ఇచ్చింది. అదొక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతుందట. దానికి కాపలాగా హార్మోన్ ఉన్న లూప్ వేసింది. "మొదట్లో రక్తపు మరకలు కనిపిస్తాయి, కాస్త నొప్పి కూడా ఉండొచ్చు. తర్వాత సర్దుకుంటుంది" అంది.

లూప్ మాట మా అత్తగారి చెవిన పడింది.

"ఈ వయసులో లూపేంటే? ఇంకా పిల్లలు పుడతారనా?"

"పిల్లలకి కాదత్తయ్యా, ఒంట్లో ఆవిర్లకి వైద్యం!"

ఆవిడ వింటేగా! కొడుకు వైపు తిరిగి, ఎన్నడూ లేనంత గౌరవంగా చూసింది. ఆ మహానుభావుడు కూడా కాదనకుండా మీసం సవరించుకున్నాడు.

ఆవిర్లు తగ్గాయి, నిద్ర పట్టింది. మరకలు మాత్రం మూడు నెలలు గడిచినా వదల్లేదు. లేత రంగు బట్టలన్నీ బీరువాలోకి పోయాయి. స్టూలు మీంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకోవడమే. ఒకరోజు కొట్లోనే విసుగొచ్చి, "రేపే తీయించేస్తాను" అన్నాను.

గల్లాపెట్టె వెనక నుంచి మా ఆయన, అచ్చం నా గొంతుతో, "తోలు కదండీ! కొత్తలో..." అని మొదలుపెట్టాడు. చేతిలో ఉన్న అట్టపెట్టె విసిరాను. తప్పించుకున్నాడు. ఇన్నేళ్ల అలవాటు మరి.

మర్నాడు డాక్టరమ్మ పరీక్ష చేసి, అంతా సరిగ్గానే ఉందంది.

"సరిగ్గా ఉన్నా సరే, తీసేయండి" అన్నాను.

"మీరు కావాలంటే ఇప్పుడే తీస్తాను. నిద్రెలా ఉంది?"

"మొద్దు నిద్ర" అని నోరు జారాను.

"ఇది తీస్తే బదులుగా మాత్ర వేసుకోవాలి. అది మీకు పడుతుందో లేదో మళ్లీ చూడాలి. పడకపోతే జెల్ కూడా ఆపాల్సి వస్తుంది."

మళ్లీ మొదటి నుంచా? మళ్లీ ఆ రాత్రులా? తల దించుకున్నాను. టేబుల్ కింద ఆవిడ కాళ్లు కనిపించాయి. కాళ్లకు మా కొట్టు బూట్లు, మడమకు ప్లాస్టర్. ఆవిడ వాటిని వాపసు తెచ్చిన రోజు గుర్తొచ్చింది. పాఠం మొత్తం అప్పజెప్పి పంపించాను.

"ఇంకా కరుస్తున్నాయా?" అన్నాను నెమ్మదిగా.

"రోజూ. ఓపిక పట్టమన్నారుగా!" అని నవ్వింది. "మీ తోలు సంగతి నాకు తెలీదు. లూప్ మాత్రం చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. మీకు సర్దుకోకపోతే ఏ రోజైనా రండి. నేను వాడిన సరుకు కూడా వాపసు తీసుకుంటాను."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఏ రోజైనా తీయించుకోవచ్చని తెలిశాక, ఇవాళే తీయించుకోవాలన్న తొందర ఎటు పోయిందో పోయింది.

"అయితే ఉండనివ్వండి. ఇంకొన్నాళ్లు చూస్తాను" అని లేచి, చెయ్యి చాచాను. "ఆ బూట్లు ఇలా ఇవ్వండి."

"నడిచినవండీ. అడుగున బోలెడు దుమ్ముంది."

"తెలుసు. విప్పండి."

నా మెత్తటి చెప్పులు ఆవిడకిచ్చి, ఆ బూట్లు తొడుక్కుని కొట్టు దాకా నడిచాను. అమ్మ బాబోయ్, ఏం కరిచాయి! లోపలికి కుంటుకుంటూ వెళ్లి, స్టూలు ఎక్కి, ముందు ఆ బోర్డు పీకేశాను.