ఎవరూ చదవని లైను

కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను కూడా పెట్టాడు కృష్ణంరాజు. కంచరపాలెంలో రైలు పట్టాలకెదురుగా మేడ మీదున్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఆయన యజమాని. మంచివాడే. కాకపోతే ఎవరు గట్టిగా చెబితే వాళ్ళ మాట నమ్మే రకం.

"సంతకం పెట్టెయ్యమ్మా, కింద నీ పేరుంది చూడు."

గౌరీశ్వరి చదివింది. పోర్టు దగ్గర సరుకు నిలవచేసే ఒక స్టాక్‌యార్డులో లారీలకి టోకెన్ నంబర్లిచ్చే ప్రోగ్రాము వీళ్ళదే. అది ఒకే నంబరు రెండు లారీలకిస్తోందనీ, దాన్ని సరిచేశానని గౌరీశ్వరి చెప్పిన మాట అబద్ధమనీ కాగితంలో ఉంది. సంతకం పెడితే ప్రొబేషన్ అంతటితో సరి. పద్మనాభం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చి, ఏడు నెలలుగా సంపాదించుకున్న మంచిపేరు కూడా సరి.

"నాను పెట్టను సార్," అంది. ఆఫీసులో మామూలుగా ఆచితూచి మాట్లాడే పిల్ల. కోపమొస్తే మాత్రం ఊరి మాటే ముందొస్తుంది.

పక్క కుర్చీలో దేవీప్రసాద్ నవ్వాడు. తొమ్మిదేళ్ళ సీనియర్. లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో యార్డు సర్వరుతో నేరుగా మాట్లాడే సెషన్ అతని ఎడిటర్‌లోనే తెరిచి ఉంటుంది. పద్దెనిమిది రోజులుగా దాన్ని ఆపలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఎవరేం మార్చినా అతనికి పంపాలి, అతనే తన చేత్తో ఎక్కించాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి.

"నీ ఫంక్షన్ నేనే ఎక్కించానమ్మా. ఎర్రర్ కూడా రాలేదు. అయినా నిన్న పొద్దున్న రెండు లారీలకి నలభై ఒకటో నంబరే ఇచ్చింది. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలట! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. పోయిన నెల ఇతగాడి వల్ల గేటు దగ్గర స్క్రీను పూటంతా ఆగిపోతే "సర్వరు బాగోలేదు" అన్న ఒక్క మాటతో సరిపోయింది. గౌరీశ్వరికైతే కాగితం, పెన్ను, సంతకం.

ఆమె పేజీ తిప్పింది. వెనకాల సాక్ష్యంగా దేవీప్రసాద్ తన స్క్రీన్‌షాట్ జతచేశాడు. అందులో ఆమె రాసిన ఫంక్షన్, అంటే నంబరిచ్చే కోడు ముక్క, అక్షరం పొల్లు పోకుండా ఉంది. దాని కింద సెషన్ ఇచ్చిన జవాబు, చిన్న లైను. రోజుకి వందసార్లు వచ్చే లైను కాబట్టి ఎవరూ చదవరు. గౌరీశ్వరి చదివింది. మళ్ళీ చదివింది. ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఈ లైను సూడండి. ఏటుంది?"

"యూజర్, వాలుగీత, నెక్స్ట్ టోకెన్," అని చదివాడు కృష్ణంరాజు.

"యార్డ్ అని ఉండాల సార్. యూజర్ అనుంది."

దేవీప్రసాద్ నవ్వు ఆగిపోయింది. లిస్ప్‌లో ప్రతి ఫంక్షనూ ఏదో ఒక నేమ్‌స్పేస్‌లో, పేరు పెట్టిన అర లాంటిదాంట్లో, ఉంటుంది. ఒకే పేరున్న ఫంక్షన్లు రెండు నేమ్‌స్పేస్‌లలో ఉండొచ్చు, ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు. అతను ఫైలు మొత్తం ఎక్కించకుండా, ఆ ఒక్క ఫంక్షన్నీ కాపీ చేసి సెషన్‌లో అతికించాడు. అప్పుడు సెషన్ ఉన్నది యూజర్ నేమ్‌స్పేస్‌లో. కొత్త ఫంక్షన్ అందులో పడింది. యార్డ్‌లో పాతదే నడుస్తోంది.

"నాకేం అర్థం కాలేదు," అన్నాడు కృష్ణంరాజు.

"మా ఊళ్ళో వాసుకి జొరమొచ్చిందనుకోండి సార్. నాను మందు సరిగ్గానే ఇచ్చాను. ఈయన అట్టుకెల్లి సబ్బవరంలో ఇంకో వాసు నోట్లో పోసీసి, మా వాసుకి జొరం తగ్గనేదంతన్నారు. మందుదా తప్పు?"

"ఎర్రర్ రాలేదు కదా..." అని గొణిగాడు దేవీప్రసాద్.

"ఆ వాసు గుటుక్కున మింగీసాడు. ఎర్రరెందుకొస్తాది?"

కృష్ణంరాజుకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"ఇప్పుడే, నా ఎదర ఫైలంతా ఎక్కించండి," అంది గౌరీశ్వరి. "అప్పుడు కూడా రెండు లారీలకి ఒకే నంబరొస్తే సంతకం పెట్టి ఎల్లిపోతాను. మళ్ళీ మీ మెట్టెక్కను."

అనేసింది గానీ... తన కోడులోనే ఏదైనా మర్చిపోయి ఉంటే?

దేవీప్రసాద్ ఫైలు ఎక్కించాడు. ఫంక్షన్ పేరు కొడితే ఈసారి యార్డ్ అని వచ్చింది. రెండు లారీలు ఒక్కసారే గేటు దగ్గరకొచ్చినట్టు పరీక్ష పెట్టాడు. రెండు వేర్వేరు నంబర్లొచ్చాయి. అతనికి నమ్మకం కుదరక పదిసార్లు పెట్టాడు. పదిసార్లూ వేర్వేరు నంబర్లే.

కృష్ణంరాజు హమ్మయ్య అనుకుని కాగితం చింపబోయాడు. "అయిపోయింది కదమ్మా, ఇక వదిలెయ్. ప్రసాద్ సీనియర్, బయటికి తెలిస్తే బాగోదు."

గౌరీశ్వరి నించున్న చోటు నుంచి కదల్లేదు.

"నిన్న యార్డు ఇన్‌చార్జి జగ్గారావు గారికి నా పేరే సెప్పారు సార్. ఆయన ఫోన్‌లో నన్ను అబద్దాలకోరన్నాడు. అది బాగుందా?" అంది. "సింపడం తరవాత. ముందు ఆయనకి ఫోన్ సెయ్యండి. స్పీకరెట్టండి."

యజమానితో అలా మాట్లాడొచ్చా? మాట్లాడకూడదు. మాట్లాడింది. కృష్ణంరాజు ఆమె మొహం చూసి ఫోన్ తీశాడు.

"జగ్గారావు గారూ, నంబర్ల గొడవ తీరిపోయిందండి."

"సంతోసం రాజుగారూ. ఇంతకీ తప్పెవులిది? ఆ పిల్లదేనా?"

కృష్ణంరాజు దేవీప్రసాద్ వైపు చూశాడు. దేవీప్రసాద్ కీబోర్డు వైపు చూశాడు. గౌరీశ్వరి నోరు విప్పితే ఒక్క ముక్కలో తేలిపోయేది. విప్పలేదు. ఆ మాట అతని నోటి నుంచే రావాలని పంతం పట్టింది.

"నాదేనండి," అన్నాడు దేవీప్రసాద్ చివరికి. "ఆ అమ్మాయి సరిగ్గానే చేసింది. నేనే తప్పు ఎక్కించాను."

"అలాగేటి," అన్నాడు జగ్గారావు, గొంతు తగ్గించి. "నిన్న ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టీసాను గదా. ఉంటే ఓపాలి ఫోనియ్యండి."

కృష్ణంరాజు ఫోన్ ఆమె వైపు చాచాడు. గౌరీశ్వరి కుర్చీ లాక్కుని అప్పుడు కూర్చుంది.

"సెప్పండి," అంది. "వింటన్నాను."