దాపలి గుర్రం

ఆషాఢం వెళ్ళిన మర్నాడు చుక్క బొల్లి మెడ పట్టుకుంది.

ముద్దుకి పట్టుకోవడం కాదు. ఆ రెండు ఆడగుర్రాలూ ఒకదాని మెడ ఒకటి పళ్ళతో గోక్కోవడం రోజూ ఉండేదే, దాన్నెవరూ పట్టించుకోరు. ఇది వేరు. చెవులు వెనక్కి వాల్చి, మెడ చాచి, పట్టిన పట్టు వదలకుండా గుంజింది. బొల్లి తెల్లటి భుజం మీంచి రక్తం కారి మెడకి బిగించిన తోలు పటకాలో ఇంకింది. శ్రావణంలో మొదటి ముహూర్తానికి పెనుగొండలో ఊరేగింపు ఒప్పుకుని, నెల్లాళ్ళ సెలవు తరవాత రథం సరిచూసుకుందామని అప్పుడే కట్టారు వాటిని.

చుక్క అబ్బులుది, బొల్లి జీవరాజుది. ఇద్దరూ తణుకు స్టేషను దగ్గర జట్కాలు తోలి తోలి, ఆటోలొచ్చి వాకిట్లో బారులు తీరాక, జట్కాలు అమ్మేసి కలిసి ఒక పెళ్ళిరథం చేయించారు. అట్ట నెమళ్ళు, వెండిరంగు, బ్యాటరీతో వెలిగే సీరీస్ బల్బులు. రథానికి రెండు గుర్రాలుండాలి. ఒకటే కడితే అది మళ్ళీ జట్కాయే, దాన్నెవడూ పెళ్ళికి పిలవడు. కాబట్టి చుక్క లేకపోతే బొల్లికి పని లేదు, బొల్లి లేకపోతే చుక్కకీ లేదు. మనుషుల సంగతీ అంతే.

గుర్రాలు రెండూ కాలవకి ఇవతల లూథరన్ చర్చి పేటలో, జీవరాజు ఇంటి వెనక పాకలో ఉండేవి. అబ్బులు ఇల్లు కాలవకి అవతల పెద్దవీధి చివర. జట్కా స్టాండులో సరదాకి మొదలైన ‘బావా’ పిలుపు ఇద్దరికీ నోట్లో స్థిరపడిపోయింది. ఆ లెక్కన జీవరాజు భార్య సంపూర్ణమ్మ అబ్బులుకి చెల్లెమ్మ. రెండు గుర్రాలకీ ఉలవలు ఉడకబెట్టి, గుగ్గిళ్ళు ఒకే తొట్లో పోసేది ఆవిడే. ఆ చేతి తిండి తిన్నది గుర్రాలు మాత్రమే కాదు. ఆదివారం చర్చి అయ్యాక కోడికూరలో అబ్బులు వాటా గిన్నెలో తీసి మూతపెట్టేది.

చుక్క ఎప్పుడూ దాపల, అంటే ఎడమవైపు. బొల్లి వలపల, కుడివైపు. పాకలో కట్టినా అదే వరస.

‘‘ఒకసారి మార్చి కడదామా బావా?’’ అన్నాడు జీవరాజు, బొల్లి మెడకి పసుపు అద్దుతూ. ‘‘చుక్కని వలపల కట్టి చూద్దాం.’’

‘‘దాపల మరిగినదాన్ని వలపల కడితే అడుగు వేస్తుందా? మా నాన్న ఓసారి జోడు మార్చి కడితే దాపలెద్దు చాలులోనే పడుకుంది. చర్నాకోల విరిగింది గానీ అది లేవలేదు.’’

‘‘ఇవి ఎడ్లు కాదుగా.’’

‘‘నాలుగు కాళ్ళున్నాయా లేదా? స్టేషను ముందు పుట్టినోడివి, నీకు సేద్యం సంగతి ఏం తెలుస్తుంది బావా.’’

జీవరాజు నవ్వేశాడు. పొయ్యి దగ్గర్నుంచి సంపూర్ణమ్మ అంది: ‘‘వేసవిలో చుక్క కంట నీళ్ళు కారేయన్నయ్యా. పశువులాసుపత్రికి తీసుకెళ్ళమన్నాను, గుర్తుందా?’’

‘‘అది మిల్లు ఊక పడిందమ్మా. తగ్గిపోయిందిగా.’’

అబ్బులు ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీశాడు. జీవరాజు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించాడు. చుక్క బెదురుతోందని అబ్బులు ఇంకా వెడల్పాటి కంటిగంతలు కుట్టించి తెచ్చాడు. దాంతో అది మరింత బెదిరింది. పెళ్ళి రెండ్రోజులుందనగా, తొట్టి దగ్గర బొల్లి అలవాటుగా పక్కనుంచి మూతి పెట్టేసరికి చుక్క గిర్రున తిరిగి వెనక కాళ్ళతో తన్నింది. బొల్లి మోకాలు కొబ్బరిబొండమంత వాచింది. కాలు కింద మోపలేదు.

పెళ్ళివారు మిల్లు చంద్రరావుగారు. ఆయన గుమాస్తా వచ్చి మోకాలు చూశాడు, రథం చూశాడు, నోట్లో పుల్ల తీసి పారేశాడు.

‘‘సరేనండి, అయితే జీపు మాట్లాడేస్తాను. జీపయితే తన్నదు కదండీ.’’

అతను సందు తిరిగాడు. మొదట జీవరాజే అన్నాడు.

‘‘ఎక్కడో చెయ్యి చేసుకుని ఉంటావు బావా. కొట్టకపోతే గుర్రం ఊరికే కరుస్తుందా?’’

అబ్బులు చుక్క మీద ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. ఆ సంగతి జీవరాజుకీ తెలుసు. తెలిసీ అన్నాడనే అబ్బులుకి మండింది.

‘‘నా దగ్గర గొర్రెపిల్లలా ఉండేది. మీ పేటలో కట్టాక, మీ చేతి తిండి తిన్నాకే దానికీ కరిచే బుద్ధి వచ్చింది.’’

సంపూర్ణమ్మ అప్పుడే గుగ్గిళ్ళ గంపతో పాకలోకి వచ్చింది. గంప లోంచి ఆవిరి లేస్తోంది. ఆవిడ దాన్ని కింద పెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. అబ్బులు మాట వెనక్కి తీసుకోవడానికి ఆ కాస్త సేపు చాలు. తీసుకోలేదు.

జీవరాజు చుక్క పలుపు విప్పి అతని చేతికిచ్చాడు.

‘‘తీసుకెళ్ళండి’’ అన్నాడు.

పెళ్ళి జీపు మీద జరిగిపోయింది. రథం జీవరాజు పెరట్లో తాటాకులు కప్పుకుని నిలబడింది.

అబ్బులు కొట్టంలో చుక్కకి ఎడంపక్కన గేదె ఉండేది. గేదెని చుక్క ఏమీ అనలేదు, పైగా దాని వీపు నాకేది. అబ్బులు వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అది చూపించాడు. ‘‘చూశారుగా. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.’’

భార్య వెంకటదుర్గ ఒకటి రెండుసార్లు విని ఊరుకుంది. మూడోసారి అంది: ‘‘తప్పు వాళ్ళదే, ఒప్పుకున్నాం. మరి రథం ఏం చేస్తారు? కోళ్ళని పొదగేసుకుంటారా?’’

ఆ సాయంత్రమే అబ్బులు గడ్డిమోపు భుజాన వేసుకుని కొట్టంలోకి, ఎన్నడూ రాని కుడివైపు నుంచి వచ్చాడు. మోపు చుక్క మెడకి తగిలీ తగలకముందే దాని పళ్ళు అతని భుజంలో దిగాయి. కేక పెట్టి వెనక్కి పడ్డాడు. లేచి, పేడ గోకే కర్ర అందుకుని, జీవితంలో మొదటిసారి దాని మీదికి ఎత్తాడు.

ఎత్తిన కర్రకి చుక్క కుడికన్ను రెప్ప వేయలేదు.

కర్ర గాలిలోనే ఉండిపోయింది. మెల్లగా కిందికి దించి, మళ్ళీ ఎత్తాడు. వేయలేదు. ఎడంవైపుకి వెళ్ళి ఎత్తాడు. చుక్క కన్ను మూసి తల వెనక్కి లాక్కుంది. అబ్బులు కర్ర పారేసి, కుడికంటి దగ్గరికి వెలుతురు పడేలా దాని మొహం తిప్పాడు. నల్లగుడ్డు మీద చేప పొలుసు లాంటి పొర. పని ఉన్నన్నాళ్ళూ గంతలు కప్పాయి, లేని నెల పాక చీకటి కప్పింది.

దాపలి గుర్రానికి తోడు ఎప్పుడూ కుడివైపే. చుక్కకి బొల్లి కనబడ్డం మానేసింది. చీకట్లోంచి ఏదో వచ్చి మెడకి తగులుతోంది, తిండిలో మూతి పెడుతోంది. అంతవరకే దానికి తెలుసు.

మర్నాడు పొద్దున్నే చుక్కని తోలుకుని కాలవ దాటాడు. జీవరాజు బొల్లి మోకాలికి కాపడం పెడుతున్నాడు.

‘‘బావా, చుక్కకి కుడికన్ను పోయింది.’’

జీవరాజు లేచి వచ్చాడు. దాని కుడికంటి ముందు అరచెయ్యి ఆడించి చూశాడు. ‘‘అయ్యో తల్లీ’’ అన్నాడు. గుర్రంతోనే అన్నాడు. తరవాత అబ్బులు వైపు చూడకుండా పలుపు తీసుకుని, చుక్కని బొల్లికి వలపల తెచ్చి నిలబెట్టాడు. నిలబెట్టి, తన్నితే తప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

చుక్క ఎడంవైపు తల తిప్పింది. చెవులు ముందుకొచ్చాయి. బొల్లి మెడ మీద పక్కు కట్టిన గాయాన్ని చాలాసేపు వాసన చూసి, ఆ గాయం చుట్టూ గోకడం మొదలుపెట్టింది. బొల్లి కళ్ళు అరమూసి మెడ వంచి ఇచ్చింది.

అబ్బులు ఇంటివైపు తిరిగాడు. ‘‘చూశావా చెల్లెమ్మా’’ అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మతో. ‘‘ఇంతే. ఇంతే జరిగింది.’’

సంపూర్ణమ్మ గుర్రాల్ని చూసింది. ఆవిడ మొహం కూడా ఒక క్షణం మెత్తబడింది.

‘‘బాగుందండి అబ్బులుగారూ’’ అంది. ‘‘మీ గుర్రానికి గుగ్గిళ్ళు మాత్రం మీ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోండి.’’

ఆవిడ ఎన్నడూ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అబ్బులు జీవరాజు వంక చూశాడు.

‘‘మోకాలు తగ్గాక బేరాలు ఒప్పుకుందామండి’’ అన్నాడు జీవరాజు. ‘‘పని మానుకుని ఏం తింటాం.’’

మర్నాటి నుంచీ అబ్బులు ఉలవలు తనే ఉడకేసుకుని బకెట్‌లో పాకకి తెస్తున్నాడు. మొదటిరోజువి పలుకుగా ఉన్నాయి. చుక్క బకెట్‌లో ఒకసారి మూతి పెట్టి తీసేసింది. పక్కన తొట్లో బొల్లికి పోసిన గుగ్గిళ్ళు మెత్తగా పొగలు కక్కుతున్నాయి. చుక్క మెడ చాచి అందులో తల పెట్టింది. బొల్లి కాస్త జరిగి చోటిచ్చింది.

సంపూర్ణమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని చూస్తూ నిలబడింది.

అబ్బులు పలుపు పట్టుకుని చుక్క తల బయటికి లాగాడు. అది మళ్ళీ అటే తిరిగింది. మళ్ళీ లాగాడు.