గుంజకు తుడిచిన సిరా

నేను ఒక సిరా ప్యాడ్‌ను. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల స్పాంజి, దానిపైన పలుచటి గుడ్డ. అంతే నా ఒళ్లు. రాజమండ్రిలో ఒక చిన్న షెడ్డులో పుట్టాను. నేరేడుపండు రంగు సిరా పోసి, మూత బిగించి, కాగితాల కొట్టుకు పంపారు. ఏ పోస్టాఫీసులోనో కుదురుకుంటాననుకున్నాను. కానీ నన్ను కొన్నది ఒక పరిశోధన సంస్థలో పనిచేసే ప్రొఫెసర్ విశ్వపతి గారు.

ఆయన సంచిలో పడవెక్కి గోదావరి దాటాను. కొండ ఎక్కి కొండరెడ్ల గూడెం చేరాను. ఇది జరిగి నలభై ఏళ్లయింది. అయినా మామిడి టెంకల జావ ఉడుకుతున్న ఆ వాసన నన్ను వదల్లేదు.

ఊరిపెద్ద పల్లాల సోమిరెడ్డి ఇంటి అరుగు మీద రెండు రోజులు కూర్చున్నాం. ఏ కొండవాలులో ఎవరి పోడు ఉందో, దానికి తాతలు ఏం పేరు పెట్టారో, ఎక్కడ జొన్న చల్లుతారో, ఎక్కడ కంది చల్లుతారో ఆయన చెబుతుంటే సారు రిజిస్టరులో రాసుకున్నారు. మధ్యలో ఒక పేరు తట్టక సోమిరెడ్డి ఆగితే, లోపలి నుంచి భార్య గురవమ్మ అందించేది.

"నీ పోడు పేరు నీకే గురుతు లేదు. ఇంక సారు పుస్తకంలో ఏం నిలుస్తాది?" అని మొగుణ్ణి ఎగతాళి చేసింది. అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. సారు కూడా నవ్వారు.

చివర సారు ఒక ఇంగ్లీషు కాగితం తీసి నా మూత తెరిచారు. ఇందులో ఏముందని సోమిరెడ్డి అడిగితే, మామూలుదే, మీరు ఒప్పుకున్నట్టు రాసిన కాగితం అన్నారు. మామూలుదే కాబట్టి కాబోలు, సారు కూడా దాన్ని చదివిన గుర్తు నాకు లేదు.

ఒకరి తరవాత ఒకరు బొటనవేళ్లు నా మీద ఆనించారు. వెదురు చీల్చి చీల్చి గీతలు అరిగిపోయిన వేళ్లు. గురవమ్మ వేలికైతే అడ్డంగా పాత కోత ఉండేది. తుడుచుకోవడానికి గుడ్డ లేదు. సోమిరెడ్డి అరుగు గుంజకు తుడిచాడు. ఆయన తుడిచాడని అందరూ అక్కడే తుడిచారు. సాయంత్రానికి గుంజ ఊదా రంగుకు తిరిగింది.

సారు జావ తాగి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశారు. మనుషులు ఆ మాట అబద్ధమాడాలని అనరు. అనేటప్పుడు నిజంగానే అనుకుంటారు.

తరవాత నేనూ రిజిస్టరూ ఒకే బీరువాలో పడ్డాం. అందులోంచి సారు పుస్తకం రాశారు, శాలువా కప్పించుకున్నారు, రిటైరయ్యారు. ఊరికి ఒక్క ఉత్తరం కూడా వెళ్లలేదు. నేను పక్కనే ఉండి ఎండిపోయాను.

మొన్నటేడు ఆ బీరువా ముందుకు ఒక అమ్మాయి వచ్చింది. పేరు భూలక్ష్మి. సోమిరెడ్డి మనవరాలు, ఆ గూడెంలో మొదటి డిగ్రీ ఆమెదే. పోడు భూముల పట్టాలకు పాత ఆధారం చూపించమని అధికారి దరఖాస్తులు తిప్పి పంపాడట. తాత పోయాడు. పదకొండు వాలుల్లో ఏడింటి పేర్లే అవ్వకు గుర్తున్నాయట. మిగతావి రిజిస్టరులో ఉంటాయని వచ్చింది.

ఇది సంస్థ ఆస్తి, బయటివాళ్లకు ఇవ్వం అన్నాడు గుమాస్తా.

"ఇందులో ఉన్నది మా తాత చెప్పిందేనండి. నేను బయటిదాన్ని ఎలా అయ్యాను?" అంది ఆమె.

గుమాస్తా రూలు చెప్పాడు. మీ వాళ్లు ఒప్పుకుని వేలిముద్రలు కూడా వేశారన్నాడు. అయితే ఆ కాగితమే చూపించమంది. రెండుసార్లు తిప్పి, మూడోసారి ఆ బీరువా దగ్గరే, డైరెక్టరు గారి ఎదుట చూపించారు. భూలక్ష్మి ఇంగ్లీషు వాక్యాలను వేలు పెట్టి మెల్లగా చదువుకుంటూ వెళ్లి, అడుగున ఆగింది. సేకరించిన వివరాల ప్రతి ఒకటి గ్రామానికి అందజేయబడును అని అక్కడ అచ్చై ఉంది. వేలిముద్రలకు సరిగ్గా పైన.

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే రిజిస్టరు నకలు ఆమె చేతికొచ్చింది. గుమాస్తా నన్ను చెత్తబుట్టలో వేయబోతే, "అదీ ఇచ్చెయ్యండి" అంది.

నకలు జతచేసిన దరఖాస్తును అధికారి ఈసారి తిప్పి పంపలేదు. పట్టా ఇంకా రావాలి. ఊరు మాత్రం సభ పెట్టి ఒక కాగితం రాసుకుంది, తెలుగులో. మా గురించి ఎవరు ఏం రాసుకున్నా ముందు చదివి వినిపించాలి, నకలు ఒకటి మా ఊళ్లో ఉంచాలి, ఊరు వద్దంటే ఆపాలి. నాకు కొత్త సిరా పోశారు. గురవమ్మ వెదురు బుట్టలో ఉంటున్నాను. ఇల్లు రెండుసార్లు కట్టుకున్నారు కానీ గుంజ మార్చలేదు. ఊదా మచ్చలు వెలిసిపోయి నీడల్లా ఉన్నాయి.

నిన్న ఒక కుర్ర పరిశోధకుడు వచ్చాడు. భూలక్ష్మి కాగితమంతా చదివి వినిపించింది. అతను సరేనని సంతకానికి పెన్ను తీశాడు. గురవమ్మ నా మూత తెరిచి ముందుకు జరిపింది. అతను కాస్త తడబడి, బొటనవేలు నా మీద ఆనించాడు. ఎంత మెత్తని వేలో! ఒక్క గీతా అరగలేదు. కాగితం మీద ముద్ర చక్కగా పడింది.

తరవాత ఆ ఊదా వేలు గాల్లో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"గుడ్డ కోసం సూడకు బాబూ," అంది గురవమ్మ. "ఆ గుంజకి తుడిచెయ్యి. మేమంతా అక్కడే తుడిచాం."